అబ్రాహాము ఇంటి పాలోళ్ల కొట్లాట

2023 అక్టోబర్ 7 తర్వాత మన ఊర్ల వాట్సాప్ గ్రూపులల్ల ఒక తీరు మెసేజ్‌లు మస్తు ఎక్కువైనయి. ఒకాయన ఖురాన్‌లకెళ్లి ఒక వాక్యం తీసి పెడ్తడు. ఇంకొకాయన బైబిల్ పాత నిబంధనలకెళ్లి ఇంకొకటి పెడ్తడు. మూడో ఆయన క్రూసేడ్ల బొమ్మ పెట్టి, ‘ఈ మూడు మతాలు పుట్టిందే కత్తి మీద’ అని రాస్తడు. కింద బొటనవేళ్లు పడ్తయి. ముచ్చట అక్కడికే ఖతం. ఎక్కడ మొదలైంది, ఎందుకు మొదలైంది అని అడిగేటోళ్లు కనవడరు.

అది మనకెందుకు అనుకునే ముచ్చట కూడ కాదు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ దిక్కు నుంచి ఇజ్రాయెల్ పోయి ముసలోళ్లకు సేవ చేసే పనిల ఉన్నోళ్లున్నరు. అదే ఊర్లకెళ్లి గల్ఫ్‌ల అరబ్బు షేకుల ఇండ్లల్ల, కంపెనీలల్ల పని చేసేటోళ్లు లక్షల మంది ఉన్నరు. 2024ల ఇజ్రాయెల్ బిల్డింగ్ పనులకు హైదరాబాద్‌లనే ఎంపికలు జరిగినయి. ఒక్క ఇంట్ల అన్న దుబాయ్‌ల, తమ్ముడు టెల్ అవీవ్‌ల ఉన్న కాలం ఇది. అక్కడ సైరన్ మోగితే ఇక్కడ తల్లి అన్నం ముద్ద దిగదు.

కొన్నేండ్ల సంది ఈ మూడు మతాల చరిత్ర మీద దొరికింది దొరికినట్టు చదువుతున్న. చదివినకొద్దీ నాకు మన ఊరి భూమి పంచాయితీలే యాదికొచ్చినయి. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురూ అబ్రాహామును తమ పెద్దమనిషి అంటరు. అరబ్బీల ఆయన ఇబ్రహీం. అంటే ఈ ముగ్గురు ఒకరికొకరు పరాయోళ్లు కాదు, పాలోళ్లు. పాలోళ్ల కొట్లాట ఎట్లుంటదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పక్క ఊరోనితోని లొల్లి అయితే నెలకు సల్లవడ్తది. పాలోనితోని అయితే మూడు తరాలు నడుస్తది. ఎందుకంటే అడిగేది ఇద్దరూ ఒకే తాత ఆస్తిని.

ఈ ముచ్చటను గాలిల చెప్పుడు కంటే ఒక్క జాగ పట్టుకొని చెప్పుడు మేలు. ఆ జాగ ఆ తాత సమాధే.

నాలుగు వందల తులాల వెండి

జెరూసలేంకు దక్షిణాన 30 కిలోమీటర్ల దూరంల హెబ్రోను అనే పట్నం ఉంది. అరబ్బులు దాన్ని అల్ ఖలీల్ అంటరు. ఖలీల్ అంటే దోస్తు. దేవుని దోస్తు ఇబ్రహీం ఊరు అన్నట్టు. పాలస్తీనా వెస్ట్ బ్యాంక్‌లకు వస్తది. ఆ ఊరి నడుమ రెండు వేల ఏండ్ల కింద హేరోదు రాజు కాలంల పెద్ద పెద్ద రాళ్లతోని కట్టిన ఒక ప్రాకారం ఇప్పటికీ నిలబడి ఉంది. దాని కింద గుహ ఉంది. అబ్రాహాము, ఆయన భార్య శారా, కొడుకు ఇస్సాకు, మనుమడు యాకోబు అక్కడనే ఉన్నరని మూడు మతాలోళ్లూ నమ్ముతరు. యూదులకు అది మక్పేలా గుహ. ముస్లింలకు ఇబ్రహీమీ మసీదు.

ఆ గుహ అబ్రాహాముకు ఎట్ల వచ్చిందనేది ఆదికాండము 23వ అధ్యాయంల ఉంది. మన సేల్ డీడ్ లెక్కనే ఉంటది. శారా చనిపోయింది. పెండ్లాన్ని పాతిపెట్టేందుకు అబ్రాహాముకు సొంత జాగ లేదు. నేను మీ నడుమ పరదేశిని, బతుకొచ్చినోణ్ణి అని ఊరోళ్ల ముంగట వంగి దండం పెట్టి అడుగుతడు. ఆ పొలం ఓనరు ఎఫ్రోను. హిత్తీయుల మనిషి, అంటే వేరే జాతోడు, వేరే దేవుళ్లను మొక్కేటోడు. పైసలెందుకు, ఊకనే తీసుకో అంటడు. అబ్రాహాము ఒప్పుకోడు. ఆఖరికి ఎఫ్రోను మెల్లగ, నాలుగు వందల తులాల వెండి జాగ, మనిద్దరి నడుమ అదెంత అంటడు. మర్యాద మాటల నడుమ రేటు చెప్పేసిండన్నట్టు. మన దగ్గర బేరం ఎట్లుంటదో అచ్చం అట్లనే. అబ్రాహాము తూకం వేసి ఇస్తడు. పొలం, గుహ, హద్దుల చెట్లతోని సహా ఊరి గవిని కాడ సాక్షుల ముంగట ఆయన పేరు మీదికి వస్తది.

దేవుడు ఆ దేశం మొత్తం నీ సంతానానికి ఇస్త అని అబ్రాహాముకు అప్పటికే మాట ఇచ్చిండని అదే పుస్తకంల ఉంది. అయినా ఆయన దేవుడిచ్చిండు లెండి అని గుంజుకోలే. పరాయి మతపోనికి పైసలు కట్టి కొన్నడు. రెండు అధ్యాయాల తర్వాత అబ్రాహాము చనిపోతడు. ఇంట్లకెళ్లి ఎల్లగొట్టబడ్డ పెద్ద కొడుకు ఇష్మాయేలు, ఇంట్ల పెరిగిన చిన్న కొడుకు ఇస్సాకు, ఇద్దరూ కలిసి తండ్రిని ఆ గుహల పెడ్తరు. కొట్లాడినట్టు ఒక్క మాట కూడ లేదు. నాకైతే ఆదికాండంల దీనికంటే పెద్ద ముచ్చట కనవడలే. దీని మీద ఫార్వర్డ్ మాత్రం ఎప్పుడూ చూడలే.

ఒకటే ఆశీర్వాదం

మరి కొట్లాట ఎక్కడ చొచ్చింది? వారసుడు ఎవడనే కాడ.

శారాకు పిల్లలు లేనప్పుడు ఆమె దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టిండు. తర్వాత శారాకే ఇస్సాకు పుట్టిండు. ఈ దాసి కొడుకు నా కొడుకుతోని పాలు పంచుకోవద్దు అన్నది శారా. హాగరు, పోరడు ఎడారిల పడ్డరు. యూదుల లెక్కల వాగ్దానం ఇస్సాకుది, ఆయన కొడుకు యాకోబుది. ముస్లింల లెక్కల ఇస్మాయిల్, తండ్రి ఇబ్రహీం కలిసి మక్కల కాబాను కట్టిన్రు. ఆ తల్లి హాజిరా నీళ్ల కోసం ఉరికిన తొవ్వలనే ఇయ్యాల హాజీలు నడుస్తరు. బక్రీద్ కథల కూడ ఇదే తేడా ఉంది. బలికి పోయిన కొడుకు ఇస్సాకు అంటది బైబిల్. ఖురాన్‌ల ఆ కొడుకు పేరు లేదు గానీ, ముస్లింలల్ల ఎక్కువ మంది ఇస్మాయిల్ అని నమ్ముతరు. క్రైస్తవులు వచ్చి ఇంకో మాట అన్నరు. నెత్తురు సంబంధం కాదు, విశ్వాసమే లెక్క, అసలు వారసులం మేమే అని. పౌలు రాసిన గలతీయుల పత్రికల శారా, హాగరు కథనే తీసుకొని ఈ మాట చెప్తడు.

ముగ్గురూ తాతను కాదనలే. ముగ్గురూ పక్కోని పాలు కొట్టేసిన్రు.

అమెరికా ప్రొఫెసర్ రెజీనా ష్వార్ట్జ్ 1997ల ‘ది కర్స్ ఆఫ్ కెయిన్’ అని పుస్తకం రాసింది. ఆమె చెప్పేది చిన్న మాటలల్ల ఇట్ల చెప్పొచ్చు: ఈ కథలల్ల ఆశీర్వాదం ఎప్పుడూ ఒక్కటే ఉంటది. భూమి ఒక్కటే, ఎన్నుకున్న జనం ఒక్కటే. కొరత ఉన్న కాడ కొట్లాట ఉంటది. కయీను హేబెలును చంపింది పొలం కోసం కాదు, తమ్ముని కానుకను దేవుడు తీసుకొని తనది తీసుకోలేదని. అదే ఏడాది జర్మనీ ప్రొఫెసర్ యాన్ అస్మన్ ఇంకో మాట రాసిండు. పాత ఈజిప్టు, బాబిలోను జనం పక్క ఊరి దేవుణ్ణి తమ దేవుని పేరుకు జత చేసుకునేటోళ్లు, మీ సూర్యుడు మా సూర్యుడు ఒక్కడే అని. మోషే పేరు మీద వచ్చిన మతం మొదటిసారి దేవుళ్ల నడుమ నిజం, అబద్ధం అనే గీత గీసింది. పక్కోని దేవుడు చిన్న దేవుడు కాదు, ఉత్త బొమ్మ అన్నది. అస్మన్‌ను మస్తు మంది తిట్టిన్రు, యూదుల మీద నెపం పెడ్తున్నవని. ఆయన కూడ తర్వాత, ఆ గీత గీసుడే హింస అని నేననలే, హింసకు ఒక భాష దొరికింది అన్న అని వివరించుకుంటూ వచ్చిండు.

నాకు ఇద్దరి మాటలల్ల ష్వార్ట్జ్ మాటనే దగ్గరగ అనిపించింది. అయితే ఆమె మాట కూడ సగమే. కొరత కథలు అన్ని ఇండ్లల్ల ఉంటయి. అన్ని ఇండ్లల్ల తలకాయలు పగలవు.

వాక్యం ఎప్పుడు లేస్తది?

కఠినమైన వాక్యాలు లేవని బుకాయించుడు తప్పు. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయంల కనాను జాతులల్ల ఊపిరి ఉన్న దేన్నీ వదలొద్దు అని ఉంది. యెహోషువ గ్రంథంల యెరికో గోడలు కూలినంక ఆడ, మగ, ముసలి, పిల్ల, గొడ్డు గోదను చంపినట్టు ఉంది. అయితే 1950లల్ల కాథ్లీన్ కెన్యన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త యెరికోల తవ్వితే, యెహోషువ కాలం అని చెప్పుకునే నాటికి అక్కడ కూలేటందుకు కోట గోడ ఉన్నట్టే ఆనవాలు దొరకలే. అంటే జరిగిన హత్యాకాండ కంటే రాసుకున్న హత్యాకాండే పెద్దది. చిన్న జాతి, పెద్ద రాజ్యాల కింద నలుగుతున్న జాతి, తన పెద్దల గురించి గొప్పగ రాసుకున్న కథ అది.

క్రీస్తు శకం 70ల రోమనులు జెరూసలేం గుడిని కాలవెట్టిన్రు. ఆ తర్వాత పద్దెనిమిది వందల ఏండ్లకు పైగ యూదులకు రాజ్యం లేదు. ఆ కాలంల వాళ్ల రబ్బీలు ఈ వాక్యాలను ఏం చేసిన్రో చూడుండ్రి. అష్షూరు రాజు సన్హెరీబు జనాలందరిని కలిపేసిండు, ఎవడు ఏ పాత జాతోడో ఇప్పుడు తెల్వదు అని మిష్నా కాలంల ఒక అమ్మోనీయుని పంచాయితీల తేల్చిన్రు. 12వ శతాబ్దంల మైమోనిడిస్ ఆ కనాను ఏడు జాతుల జాడే లేదు పొమ్మన్నడు. వాక్యాన్ని కొట్టెయ్యలే. తాళం వేసి పక్కన పెట్టిన్రు.

క్రైస్తవుల కథ దీనికి తిర్లమర్ల. మొదటి మూడు వందల ఏండ్లు సర్కారు వాళ్లను సింహాల ముంగట ఏసింది. 313ల కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంల వాళ్లకు స్వేచ్ఛ దొరికింది. 380ల థియోడోసియస్ క్రైస్తవాన్ని సర్కారు మతం చేసిండు. ఐదేండ్లకే, 385ల, ట్రియర్ పట్నంల ప్రిసిలియన్ అనే బిషప్‌ను క్రైస్తవ చక్రవర్తే తల తీయించిండు. తప్పుడు బోధ చేసిండని. టూర్స్ బిషప్ మార్టిన్ వద్దని కొట్లాడిండు గానీ ఎవరు ఇన్నరు? లెక్క వేసుకోండి. సింహాల బోను నుంచి తలారి కత్తి దాక రావడానికి పట్టింది 72 ఏండ్లు. పుస్తకం మారలే. ఏసు శత్రువును ప్రేమించుమన్న మాట అట్లనే ఉంది. మారింది కుర్సీ. కొన్నాళ్లకు అగస్టీన్ అంతటి పండితుడే, విందుకు జనాన్ని బలవంతంగనైనా పిలుచుకరమ్మన్న ఏసు ఉపమానం చూపెట్టి, ఉత్తర ఆఫ్రికాల దారి తప్పిన క్రైస్తవుల మీద సర్కారు బలం వాడొచ్చు అన్నడు. విందు పిలుపు లాఠీ అయింది. 1096ల మొదటి క్రూసేడ్‌కు పోయేటోళ్లు ఇంకా ముస్లిం ముఖం చూడకముందే రైన్ నది ఒడ్డున వోర్మ్స్, మైన్జ్ పట్నాలల్ల యూదులను ఊచకోత కోసిన్రు. మూడేండ్లకు జెరూసలేంల ముస్లింలను, యూదులను. 1204ల అయితే సాటి క్రైస్తవుల కాన్‌స్టాంటినోపుల్‌నే దోసుకున్నరు.

ఇస్లాంల ఇంకో తీరు. మక్కల పదమూడేండ్లు ప్రవక్తకు, ఆయన మనుషులకు దెబ్బలే. 622ల మదీనాకు పోయినంక మతం, ఊరి పాలన, యుద్ధం మూడు ఒక్క చేతిలకే వచ్చినయి. అందుకే ఖురాన్‌ల యుద్ధం ముచ్చట్లు ఉంటయి. ఫార్వర్డ్‌లల్ల ఎక్కువ తిరిగేది తౌబా సూరా ఐదో ఆయతు, కత్తి ఆయతు అంటరు. దాని ముంగటి నాలుగో ఆయతు ఒప్పందం తప్పనోళ్ల జోలికి పోవద్దు అంటది. ఆరో ఆయతు బహుదేవారాధకుడు శరణు అడిగితే ఇచ్చి, భద్రమైన జాగ దాక తోలియమంటది. నాలుగు, ఆరు పీకేసి ఐదు ఒక్కటే తిప్పే పని రెండు రకాలోళ్లు చేస్తరు. ఇస్లాం మీద పగ ఉన్నోళ్లు చేస్తరు, ఇస్లాం పేరు మీద బాంబులు పెట్టేటోళ్లు చేస్తరు. ఈ ఒక్క ముచ్చటల ఇద్దరికీ మంచిగ కుదురుతది.

పీర్ల పండుగ చెప్పే పాఠం

మన ఊర్లల్ల పీర్ల పండుగ తెల్వనోడు లేడు. అలావ తవ్వుతరు, పీర్లు లేస్తయి, కులం మతం లేకుండ అందరు మొక్కుతరు. ఆ పీర్లు ఎవరి యాదిల? కర్బలాల 680ల చనిపోయిన హుస్సేన్ యాదిల. ఆయన ప్రవక్త మనుమడు. ఆయనను చంపింది యూదులా, క్రైస్తవులా? కాదు. అదే అల్లాను మొక్కే, అదే ఖురాన్ చదివే ఖలీఫా యజీద్ సైన్యం. అంతకు ముందు 656ల ఖలీఫా ఉస్మాన్‌ను, 661ల ఖలీఫా అలీని చంపింది కూడ ముస్లింలే. దేవుడు ఒక్కడే, పుస్తకం ఒక్కటే, కిబ్లా ఒక్కటే. కొట్లాట గద్దె కాడ వచ్చింది, వారసుడు ఎవడనే కాడ వచ్చింది. మల్ల అదే పాలు పంచాయితీ.

అందుకే ‘పరాయి దేవుణ్ణి సహించరు గనక చంపుతరు’ అన్న మాట నాకు పూర్తిగ ఎక్కదు. చరిత్రల వీళ్లు పరాయోళ్లకంటే సొంతోళ్లను తక్కువేం చంపలే. ఇదే ఇస్లాం పేరు మీద నడిచిన ఒట్టోమన్ రాజ్యం, 1492ల స్పెయిన్ క్రైస్తవ రాజులు ఎల్లగొట్టిన యూదులను తన పట్నాలల్ల చేర్చుకున్నది. జిజియా పన్ను వేసింది, సమానం అనలే. కానీ బతకనిచ్చింది.

తాత సమాధి మీద

ఇగ మల్ల హెబ్రోనుకు పోదాం. ఆ ప్రాకారం లోపల క్రైస్తవ రాజ్యం ఉన్నప్పుడు చర్చి ఉండె. ముస్లింలు వచ్చినంక మసీదు అయింది. క్రూసేడ్ల కాలంల మల్ల చర్చి. 1187ల సలావుద్దీన్ గెలిచినంక మల్ల మసీదు. 13వ శతాబ్దంల మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ యూదులను, క్రైస్తవులను లోపలికి రావద్దన్నడు. యూదులు బయట మెట్ల మీద ఏడో మెట్టు దాకనే ఎక్కాలె. తాత సమాధికి పోవాల్నంటే ఏడో మెట్టు కాడ నిలబడి గోడకు మొక్కాలె. ఇది ఒక ఏడాది, పదేండ్లు కాదు, 1967 దాక నడిచింది. ఆ ఏడో మెట్టును యూదులు ఇయ్యాల్టికీ మర్చిపోలే.

1929 ఆగస్టు. అప్పుడు పాలస్తీనా బ్రిటిషోళ్ల చేతిల ఉంది. యూరప్ నుంచి యూదులు వలస వస్తున్నరు, భూములు కొంటున్నరు. ఊరు చేజారుతదని అరబ్బులల్ల భయం. జెరూసలేంల పశ్చిమ గోడ కాడ యూదులు ప్రార్థన చేస్తరు, దాని పైనే అల్ అక్సా మసీదు ఆవరణ. అంతకు ముందు ఏడాది ఆ గోడ కాడ ఆడోళ్లకు, మగోళ్లకు నడుమ కట్టిన ఒక పరదా మీద లొల్లి మొదలైంది. పరదా మాత్రమే. ఏడాదికి అది ‘అల్ అక్సాను యూదులు గుంజుకుంటున్నరు’ అన్న పుకారు అయింది. ఆగస్టు 23న జెరూసలేంల కత్తులు లేసినయి. 24న హెబ్రోనుల 67 మంది యూదులను చంపిన్రు. తరతరాలుగ అరబ్బీ మాట్లాడుకుంట అక్కడనే బతికిన కుటుంబాలోళ్లు, చదువుకునే పోరగాళ్లు. ఊరి మొత్తానికి ఉన్నది ఒక్క బ్రిటిష్ పోలీసు ఆఫీసరు. అదే రోజు పక్కింటి అరబ్బులు తమ ఇండ్లల్ల వందల మంది యూదులను దాచిపెట్టి, తలుపుకు అడ్డం నిలబడి కాపాడిన్రు. ఆ వారంల దేశమంత కలిపి 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయిన్రు. తర్వాత విచారణ చేసిన షా కమిషన్, అసలు కారణం తమ రాజకీయ ఆశలు పోయినయని, రేపటి బతుకు ఏమైతదో అని అరబ్బులల్ల ఉన్న భయం అని రాసింది. హంతకుల నోట్ల ఉన్నది మాత్రం అల్ అక్సా పేరే.

1967 యుద్ధంల ఇజ్రాయెల్ హెబ్రోనును పట్టుకున్నది. ఏడో మెట్టు తీసేసిన్రు. అక్కడిదాక న్యాయమే. 1968ల మోషే లెవింగర్ అనే రబ్బీ పస్కా పండుగకని తన మనుషులతోని హెబ్రోనుల హోటల్ కిరాయికి తీసుకొని, మల్ల లేచి పోలే. సర్కారు ఎల్లగొట్టకపోగ ఊరి పక్కన కిర్యాత్ అర్బా అని కాలనీ కట్టిచ్చింది. ఆ పేరు కూడ బైబిల్‌లున్న హెబ్రోను పాత పేరే. అబ్రాహాము పైసలు కట్టి కొన్న జాగకు, ఆయన పేరు చెప్పుకుంట సైన్యం నీడల వచ్చిన్రు.

తాళం వేసిన వాక్యాలు ఇక్కడ మల్ల లేసినయి. పద్దెనిమిది వందల ఏండ్ల తర్వాత చేతికి రాజ్యం వచ్చింది గదా. ఇగ కనానీయులు ఎవరు, అమాలేకీయులు ఎవరు అని వెతుకుడు మొదలైంది. అమాలేకు అంటే ఐగుప్తు నుంచి వస్తున్న ఇశ్రాయేలీయులను ఎనుక నుంచి కొట్టిన జాతి. దాని పేరే లేకుండ తుడిచెయ్యమని ద్వితీయోపదేశకాండంల ఉంది. ఎస్తేరు కథల యూదులను చంపాలని చూసిన హామాను ఆ జాతోడే అంటరు. ఆ ఎస్తేరు పండుగ పేరు పూరీము.

1994 ఫిబ్రవరి 25, పూరీము రోజు. రంజాన్ నెల, శుక్రవారం, ఇంకా తెల్లారలే. కిర్యాత్ అర్బాల ఉండే బరూఖ్ గోల్డ్‌స్టీన్ సైనికుని బట్టలేసుకొని ఇబ్రహీమీ మసీదుల చొచ్చి, సజ్దాల ఉన్నోళ్ల ఎనుక నుంచి తుపాకీ పేల్చిండు. 29 మంది చనిపోయిన్రు, వంద మందికి పైగ గాయపడ్డరు. బతికినోళ్లు అతన్ని కొట్టి చంపిన్రు. అతను చదువుకోనోడు కాదు, న్యూయార్క్‌ల పుట్టి పెరిగిన డాక్టరు. ప్రధాని ఇత్జాక్ రబీన్ ఈ మనిషికి మా మతంతోని సంబంధం లేదన్నట్టు పార్లమెంటుల ఛీకొట్టిండు. నలభై రోజుల దుఃఖం ఒడిసినంక ఏప్రిల్ 6న హమాస్ అఫూలా పట్నంల కారు బాంబు పేల్చింది, 8 మంది పోయిన్రు. 1995 నవంబర్ 4న రబీన్‌నే ఒక యూదు లా స్టూడెంట్ కాల్చి చంపిండు. శాంతి ఒప్పందం చేసి యూదుల భూమి వదులుకుంటున్నడు గనక మత చట్టం ప్రకారమే చంపిన అన్నడు. హుస్సేన్ కథ, ప్రిసిలియన్ కథ మీకు యాదికొస్తే మంచిదే.

ఇదంతా పాత ముచ్చట అనుకోకుండ్రి. 2023 అక్టోబర్ 7 దాడికి హమాస్ పెట్టుకున్న పేరు ‘తుఫాన్ అల్ అక్సా’. మనం కూడ వాడే తుఫాను మాటే. 1929ల ఏ మసీదు పేరు మీద జనం లేసిన్రో అదే పేరు. మూడు వారాలకు, అక్టోబర్ 28న, ప్రధాని నెతన్యాహు గాజా యుద్ధం గురించి మాట్లాడుకుంట అమాలేకు చేసింది గుర్తుపెట్టుకోండి అన్నడు. ఆ మాటను దక్షిణాఫ్రికా అంతర్జాతీయ న్యాయస్థానం దాక తీసుకపోయింది. నేనన్నది హమాస్ గురించే అని నెతన్యాహు ఆఫీసు వివరణ ఇచ్చింది. ఎవరి గురించి అన్నా, ఆ పేరు వింటే ఇనేటోని మనసుల ఏం లేస్తదో అన్నాయనకు తెల్వదనుకోను.

మనది మాత్రం?

ఇది చదివి ‘సూసిన్రా, ఆ మూడు మతాలే అట్ల’ అనేటోళ్లకు ఒక్క మాట. మయన్మార్‌ల 2017ల రోహింగ్యాల ఊర్లు కాలవెట్టిన దేశం బౌద్ధుల దేశం. కారంచేడుల 1985ల, చుండూరుల 1991ల దళితులను ఎంటవడి చంపినోళ్లకు ఒక్కడే దేవుడనే సిద్ధాంతం లేదు, అబ్రాహాము ఎవరో కూడ పట్టి లేదు. అక్కడ కూడ ఉన్నది భూమి, పెత్తనం, వీడు మనతోని సమానమైతడా అన్న భయం. తేడా ఏందంటే, అబ్రాహాము ఇంటోళ్లకు ఈ మూడింటినీ ఒక్కకాడ కట్టేటందుకు వారసత్వం అనే తాడు పుస్తకంలనే దొరుకుతది. మన దగ్గర ఆ పని పుట్టుక చేస్తది. ఏ తాడు గట్టిదో తేల్చే పోటీ నాకొద్దు.

ఇంకొక ముచ్చట. 2020ల ఇజ్రాయెల్, యూఏఈ, బహ్రెయిన్ సంతకాలు పెట్టిన ఒప్పందానికి ‘అబ్రహాం ఒప్పందాలు’ అని పేరు పెట్టిన్రు. విమానాలు నడిచినయి, యాపారం పెరిగింది, దుబాయ్‌ల ఉన్న మనోళ్లు కూడ చూసే ఉంటరు. తాత పేరు మీద కాయిదం రాసిన్రు గానీ, తాత సమాధి ఉన్న ఊరోళ్ల సంతకం అందుల లేదు.

ఆ ఊరు ఇప్పుడు రెండు ముక్కలు. 1997 ఒప్పందం ప్రకారం ఎనభై శాతం దాక పాలస్తీనా పాలన, మిగిలింది ఇజ్రాయెల్ సైన్యం చేతిల. పాత బజార్ల షుహదా వీధిల అరబ్బుల దుకాణాలకు తాళాలు పడ్డయి. 1994 కాల్పుల తర్వాత ప్రాకారం లోపల కూడ పంచిన్రు, ఒక దిక్కు మసీదు, ఒక దిక్కు యూదుల ప్రార్థన మందిరం. ఏడాదికి పది రోజులు మొత్తం ముస్లింలది, పది రోజులు మొత్తం యూదులది. మిగిలిన రోజులు ఎవరి తలుపు వాళ్లది, ఎవరి చెక్‌పోస్టు వాళ్లది. అబ్రాహాము సమాధి మాత్రం సరిగ్గ నడుమ గదిల పడ్డది. దానికి రెండు దిక్కుల ఇనుప జాలి కిటికీలు పెట్టిన్రు. ఇటు నుంచి ముస్లింలు చూస్తరు, అటు నుంచి యూదులు చూస్తరు. ఒక కిటికీల నుంచి ఇంకో కిటికీలకు గుండు పోకుండ నడుమ అద్దం అడ్డం ఉంది.